పదో రోజు

ముప్పై ఏడో నెంబరు మిషను నాది కాదు.
పెడలు ఆమె కాలికి సరిపోయేట్టు ఉంది,
నా మోకాలు టేబులుకు తగులుతుంది.
మెకానిక్కును పిలిస్తే రెండు నిమిషాల పని.
పిలవలేదు.

మిషను తల మీద ఆమె అంటించిపోయిన బొట్టుబిళ్ళ,
నూనె తాగి నల్లబడింది.
గంగరత్న. మడకశిర పక్క ఏదో పల్లె.
వాళ్ళక్కకు నెత్తురు జబ్బు.
అక్కే పెంచిందంట, అక్కే బొమ్మనహళ్ళికి పిల్చుకొచ్చి
కాలరు ఎట్లా తిప్పాలో నేర్పిందంట.
ఇప్పుడు కిద్వాయి ఆసుపత్రి వరండాలో
ఆ అక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సెలవు కాగితంలో గళ్ళుంటాయి.
పెళ్ళికి ఉంది, కాన్పుకు ఉంది,
ఇంట్లో ఎవరన్నా పోతే మూడు రోజులుంది.
"పోకుండా చూసుకోవడానికి ఎన్ని రోజులు సార్?" అని
కన్నడంలో, ఒక్క తప్పు లేకుండా అడిగిందంట.
హెచ్చార్ పిల్లోడు మంచోడే.
కాసిని నీళ్ళు తాగి
మళ్ళా అదే కాగితం ఇచ్చినాడు.

వరసగా పది రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు.
ఎనిమిదేళ్ళ పేరు.
అందుకని తొమ్మిది రోజులు అక్క దగ్గర,
పదో రోజు మా దగ్గర.
పదో రోజంటే మా ఊళ్ళో వేరే అర్థం.
ఇక్కడ ఎవరూ ఆ మాట పైకి అనరు.

మొదటిసారి వచ్చినప్పుడు జుట్టంతా ఫినాయిలు వాసన.
గంటకు తొంభై కుట్టాల్సింది అరవై కుట్టింది.
తక్కువపడినవి ఒడియా పిల్ల ఝునూ తన కట్టలోంచి జరిపింది.
దానికి గంగరత్న పేరు కూడా నోరు తిరగదు, గొంగా అంటుంది.
రెండోసారి కళ్ళు తెరుచుకునే నిద్రపోయింది.
వెనక నిలబడి దారాలు కత్తిరిస్తున్నదాన్ని
సూది కింద నుంచి ఆమె చెయ్యి లాగినా.

నాకు ఆ కుర్చీ కావాలనే ఉంది. అబద్ధమెందుకు.
నేను ఫ్లోటర్‌ని, ఎవరు రాకపోతే వాళ్ళ చోట కూర్చునేదాన్ని.
ఎవరి జ్వరమో, ఎవరి బిడ్డ వాంతులో, నా బియ్యం.
ఆమె పేరు పోతే ఆ నెంబరు నీకే రాస్తానని
శివనంజప్ప చెప్పిన రాత్రి
పీఎఫ్ కాగితం మీద నా పేరు ఎట్లుంటుందో
గ్యాసు బిల్లు వెనక రాసి చూసుకున్నా.
బాగుంది.

ఈ పొద్దు మూడో పదో రోజు.
తొమ్మిదీ ఐదు. రాలేదు.
సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఇరుక్కుందని ఒకరు,
ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నారని ఇంకొకరు.
తొమ్మిదింపావుకు లిస్టు పైకి పోతుంది.
"కూర్చో" అన్నాడు శివనంజప్ప.
కూర్చున్నా.
కాలరు మడత మందంగా ఉన్న చోట
పెడలు గట్టిగా తొక్కి, గుడ్డను పక్కకు గుంజినా.
టక్కుమంది.

సూది విరిగితే మాకొక చట్టముంది.
ముక్కలన్నీ దొరకాలి. ఒక్కటి తగ్గినా లైను కదలకూడదు.
ఏ దేశంలోనో ఏ బిడ్డ మెడకో గుచ్చుకుంటుందంట.

రెండు ముక్కలు టేపు వేసి రిజిస్టరులో అంటించినారు.
మొన లేదు.
అయస్కాంతం పట్టుకుని శివనంజప్ప మోకాళ్ళ మీద ఉన్నాడు,
లిస్టు అతని జేబులోనే మడతపడి ఉంది.
ముప్పై మంది ఏప్రాన్లు దులుపుకుంటున్నారు.
ఝునూ నా చెయ్యి చూసింది,
చూడనట్టు టేబులు కింద దూరింది.

తొమ్మిదీ ఇరవై.
మొన నా కొంగు ముడిలో, బస్సు చిల్లర పక్కన.
నేనూ వెతుకుతున్నా.