పద్నాలుగో నంబరు గది రాజ్యాంగం

సిమెంటు సంచి చింపి, లోపలి కాగితం మీద
రాసిండు లింబాద్రి మా గది రాజ్యాంగం.
గ్రూప్-టూ రెండుసార్లు రాసి, రెండుసార్లూ తప్పి
ఇక్కడ ఇనుప చువ్వలు కట్టేటోడు.
చదివింది మరిచిపోలే ఇంకా.
యాభై ఎనిమిదంటే అర్హతలు, అరవై రెండంటే ఖాళీ,
డెబ్బై రెండంటే క్షమాభిక్ష.
సైటు బస్సుల కునుకు పట్టినా
పెదవుల మీద అధికరణాలు కదులుతుంటయి.

సొహార్ అవతల ఫలజ్ క్యాంపు.
పన్నెండు మంచాలు, ఒక్క ఏసీ, ఒక్క పొయ్యి.
ఇంత దేశానికి ఒక అధ్యక్షుడు కావాలె గదా.

అర్హతలు చదివిండు:
ముప్పై ఐదేండ్లు నిండాలె.
మొగులయ్య గడ్డం గోక్కున్నడు,
ఆయనకు పాస్‌పోర్టుల నిండినయి, ఒంట్ల నిండలె.
లాభం తెచ్చే పదవిల ఉండొద్దు.
ఇది విని అందరం నవ్వినం,
నవ్వి నవ్వి యాకూబ్‌కు దగ్గు లేచింది.
ఏజెంటుకు బాకీ ఉండొద్దు.
ఎవ్వరూ మాట్లాడలే. ఏసీ చప్పుడే.
లింబాద్రే పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసిండు,
మొదటి సవరణ అన్నడు.

అధికారాలు పెద్దవేం కావు.
నాలుగింటికి నీళ్ల వరుస ఎవరిదో చెప్పొచ్చు.
గిన్నెలు తోమనోన్ని క్షమించొచ్చు.
ఆగస్టుల ఏసీ ఆగితే అత్యవసర పరిస్థితి పెట్టి
పరుపులతో సహా అందర్నీ మేడ మీదికి పంపొచ్చు.
ఫోర్‌మన్ మీద యుద్ధం ప్రకటించే అధికారం లేదు.
అది రాయలే. రాయకున్నా తెలుసు.

రాజలింగును ఎన్నుకున్నం, ఏడు ఓట్లతోని.
అన్నం గంటె పట్టుకొని ప్రమాణం చేసిండు.
పదకొండు నెలలకు, అందరం తింటుంటే
మందూబ్ వచ్చి జాబితా చదివిండు:
దుఖ్మ్ సైటు. ఇప్పుడే. బండి బయట ఉంది.
ఆ ఊరి పేరు మా నోట్ల వేరే మాటయితది.

ఢిల్లీల రాష్ట్రపతి లేకుంటే ఉపరాష్ట్రపతి,
ఆయనా లేకుంటే పెద్ద న్యాయమూర్తి,
ఆ కుర్చీ ఒక్క పూటన్నా ఒంటరిగ ఉండదట.
ఆరు నెలల్ల కొత్తవాళ్లను ఎన్నుకోవాలెనట.
మాకు ఆరు గంటలు పట్టలే.
తెల్లారేసరికి రాజలింగు పరుపు మీద
నేపాలీ పిల్లగాడు బూట్లతోనే పండుకొని ఉన్నడు.
వానికి ఓటియ్యాల్నా వద్దా ఇంకా తేలలే.
ఉపాధ్యక్షుణ్ణి నేనే.
మెస్ లెక్కల పుస్తకం నా చేతికొచ్చింది,
నాలుగు వందల బైసల లోటుతోని.

ఒక్క రాత్రి సంగతి చెప్పాలె.
పతాకా మార్పిడికి వేలిముద్రలు.
ఇక్కడ పతాకా అంటే జెండా కాదు, జేబుల పెట్టుకునే కార్డు.
వచ్చేసరికి ఆఫీసు మూసిన్రు,
లింబాద్రి పాస్‌పోర్టు ఆ రాత్రి గదిలనే ఉండిపోయింది,
మూడేండ్లల్ల మొదటిసారి.
చేతులు కడుక్కొని తలా ఒకసారి పట్టుకున్నం.
అట్ట లోపలి దిక్కు వేలు పెట్టి
మన మాటలకు మలుపుకుంట చదివిండు:

భారత గణరాజ్య రాష్ట్రపతి పేరిట
సంబంధించిన వారందరినీ కోరేదేమనగా
ఈ మనిషిని అడ్డు లేకుండ పోనియ్యాలె,
అవసరమైన సాయం, రక్షణ ఇయ్యాలె.

ఇదంత మన గురించేనా? మొగులయ్య అడిగిండు.
మన గురించే.
మరి వాళ్లు బీరువల పెట్టి తాళమేసింది?
దీన్నే.
రాష్ట్రపతి సంతకముందా?
లేదు. పేరిట అని ఉంది, అంతే.
పేరుకేనన్న మాట, అన్నడు యాకూబ్, దగ్గు నడుమ.

నాలుగింటికి వరుస తప్పించి
లింబాద్రిని ముందు తానం చెయ్యనిచ్చినం.
ఏ అధికరణం కింద అని ఎవ్వరూ అడగలే.
తల దువ్వుకొని, పాస్‌పోర్టు పాలిథీన్ సంచిల చుట్టి
తీస్కపోయి మందూబ్ చేతుల పెట్టిండు.
అక్కడ మాత్రం, రిజిస్టర్ తిప్పి,
సంతకం అడిగిన్రు.