పది నిమిషాల్లో కబురు లేకపోతే

చంపాపేటలో ఆస్పత్రి, మూడో అంతస్తు,
మెట్ల పక్కన చెక్క బీరువాలో స్విచ్.
మౌలాలిలో నేను, మంచం మీద లాప్‌టాప్,
కిటికీ అవతల గూడ్సు పెట్టెలు
ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగే చప్పుడు.
మధ్యలో వాన.
మలక్‌పేట వంతెన కింద నడుము లోతు నీళ్లట,
పోదామన్నా ఈ వేళప్పుడు ఏ ఆటో రాదు.

నాలుగేళ్లుగా దాన్ని నడుపుతున్నాను.
ఒక్కసారీ చూడలేదు.
దాని ఫ్యాను ఎలా మోగుతుందో, మీద దుమ్మెంతో తెలీదు.
తెలిసిందల్లా నల్లటి తెరమీద దాని పేరు,
పేరు పక్కన, ఏం కావాలి అన్నట్టు
కొట్టుకుంటూ ఉండే ఒక తెల్లటి గడి.

ఒకటిన్నరకి, పని మొదలుపెట్టే ముందే
ఒక మాట చెప్పి ఉంచాను:
పది నిమిషాల్లో నా నుంచి కబురు లేకపోతే
ఆరిపోయి మళ్లీ లే.
శుజాయుద్దీన్ వెళ్లిపోతూ నేర్పిన జాగ్రత్త ఇది.
దూరం నుంచి పనిచేసేటోళ్లకి
కూర్చున్న కొమ్మనే నరకాల్సి వస్తుంది ఒక్కోసారి,
కింద ముందే గడ్డి పరుచుకో, అనేవాడు.

తర్వాత దాని చిరునామా మార్చాను.
రెండోది కొట్టాల్సింది, మొదట కొట్టాను.

గడి ఆగిపోయింది.

"భిక్షపతీ, బీరువా తెరిచావా?"
"తెరిచిన మేడం. అన్నీ పచ్చగ మిణుకుతున్నయి.
మంచిగనే ఉంది."
మంచిగానే ఉంది.
నా ఒక్కదానికే తలుపు వేసుకుంది.
"వైరు పీకి పెట్టాల్నా?"
"వద్దు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు."

దానికి రెండు జ్ఞాపకాలు.
ఒకటి నడుస్తున్నది. ఇప్పుడు నేను చెప్పిందల్లా అందులోకే,
కరెంటు పోతే అదీ పోతుంది.
ఇంకొకటి దాచుకున్నది,
దాచు అని నోరు తెరిచి చెప్తే తప్ప మారదు.
నా తప్పు ఇంకా మొదటిదాంట్లోనే ఉంది.
దాచు అనలేదు.
ఆ ఒక్క మాట అనకపోవడమే
ఈ రాత్రి నేను చేసిన మంచి పని.

గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది దాకా.

"మేడం! లైట్లన్ని పోయినయ్!"
పోనీ.
కింద క్యాజువాల్టీలో సిస్టర్ ఎలీషమ్మ
చీటీలు చేత్తో రాస్తోందట, కార్బన్ కాగితం పెట్టి.
ఇన్నేళ్లు ఎక్కడ దాచిందో.

"ఒక్కొక్కటే వస్తున్నయ్...
నారింజ రంగుల ఉండి పచ్చగైతున్నయ్..."

తెరమీద దాని పేరు. పక్కన గడి, ఏం కావాలి అన్నట్టు.
నేనేం చేశానో దానికి తెలీదు.
ఈసారి కొత్త తలుపు తెరిచి, అందులోంచి నడిచి చూసుకుని
అప్పుడు పాతది మూశాను.
దాచు, అన్నాను.
ఒక నకలు ఇటు పంపు, అన్నాను.

పదకొండు వేల అక్షరాలు.
పొద్దున్నే భిక్షపతి పంపే గులాబీల శుభోదయంలో
పదో వంతు కూడా ఉండదు.
ఎక్స్‌రే గదికి ఏ తీగో, ల్యాబుకి ఏదో,
ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో, ఎవరు మాట్లాడకూడదో
అన్నీ ఇందులోనే.
తేదీ వేసి పాత నకళ్ల పక్కన పెట్టాను.
పోల్చి చూస్తే మారినవి మూడు లైన్లు.
నేను రాకముందు నుంచీ మారనిది ఒకటి:
పదిహేడు. ముట్టుకోకు. శుజా.

శుజా ఇప్పుడు జగదీశ్ మార్కెట్‌లో
ఫోన్లకి అద్దాలు అతికిస్తాడు.
పోయిన రంజాన్‌కి అడిగితే,
యాద్ లేదు, అయినా ముట్టుకోకు, అన్నాడు.

"భిక్షపతీ, పోయే ముందు
పదిహేడో తీగ ఎటు పోయిందో చూడు."
కుర్చీ జరిపిన చప్పుడు. తుమ్ము. ఇంకో తుమ్ము.
"గోడలకు పోయింది మేడం."
"గోడ అవతల?"
"అవతల వాన."

ఆ లైను చివర చేర్చాను:
గోడలోకి పోయింది, భిక్షపతి చూశాడు.

దాచు, అన్నాను.