చైనేజీ సున్నా

పంచాయతీ బీరువాలో నాలుగేళ్ళుగా ఒక దారి ఉంది.
మూడు కిలోమీటర్ల రెండొందల మీటర్లు,
గులాబీరంగు నాడా కట్టిన ఫైల్లో
మడతలు పడి పడుకుంది.
నడిచేవాళ్ళకి మీటరున్నర, సైకిళ్ళకి రెండు,
సముద్రం వైపు సరుగుడు మొక్కలు,
మొక్కకి నూట పది రూపాయలు, కంచెతో కలిపి.

అంచనా రాసింది నేనే.
టేపు ఒక కొస నేను పట్టుకుంటే
రెండో కొస వనమాడి ఏసుబాబు పట్టుకున్నాడు,
వేట నిషేధం రోజులు, వాడికి పనిలేదు.
పాత ఐసు ఫ్యాక్టరీ గోడ మీద
ఎర్ర రంగుతో బాణం వేశాం: సున్నా.
తడి ఇసకలో మా అడుగులు
ఎంబుక్కులోకి ఎక్కేలోపే
పీతలొచ్చి మళ్ళీ కొలుచుకున్నాయి.

ఎదురుగా లంకే నూకాలు,
నెత్తిన కానాగంతల తట్ట,
చెవి వెనక నుంచి మెడ మీదికి చేపల నీళ్ళు.
"ఏటండీ కొలత్తన్నారు?"
నడక దారమ్మా, అన్నాను.
"మరి రోజూ నేను నడిసేదేటండీ?"

ఒకటీ నాలుగొందల దగ్గర రొయ్యల చెరువు.
గట్టు మీద మనుషులు తిరిగితే
రొయ్యకి తెల్లమచ్చ తగులుతుందన్నారు.
దారిని ఎనభై మీటర్లు వంచాను.
పెన్సిల్‌తో వంచడానికి ఎంతసేపు.

ఆర్థిక సంఘం డబ్బు మంచినీళ్ళకి కట్టేశారు,
మిగిలింది వీధి దీపాల బకాయి మింగింది.
ఉపాధి హామీలో మట్టి పొయ్యొచ్చు, సిమెంటు కుదరదు.
గ్యాసు కంపెనీ సగం ఇస్తానంది
పన్నెండడుగుల బోర్డు పెట్టనిస్తే,
ఆ తర్వాత ఫోనెత్తలేదు.
జిల్లా నుంచి ఒక ఫారం వచ్చింది:
ఏడాదికి సందర్శకులు ఎందరు?
సర్పంచి కొపనాతి బంగారమ్మ వేళ్ళు ముడిచి లెక్కేసింది.
"తెల్లారగట్ల నూట నలభై మంది ఆడోళ్ళు, తట్టలతోటి.
సాయంత్రం మళ్ళీ వాళ్ళే. రాయండమ్మా."
రాశాను.
పర్యాటకులు కారు, అని తిరిగొచ్చింది.

మొన్న ఆశ్వయుజంలో మంజూరైంది.
అడిగింది ముప్పై ఎనిమిది లక్షలు,
వచ్చింది పదకొండు లక్షల నలభై వేలు.
ముగ్గు డబ్బా, టేపు పట్టుకుని వెళ్ళాం.
ఐసు ఫ్యాక్టరీ లేదు.
గోడ లేదు, బాణం లేదు,
ఏసుబాబు నడుంలోతు నీళ్ళలో నిలబడి
టేపు కొస పైకెత్తి అరుస్తున్నాడు,
"మేడమ్! సున్నా ఇక్కడండీ!"
కెరటం వచ్చినప్పుడల్లా సున్నా
కాస్త పైకి, కాస్త కిందికి.

ఏఈ గారు ఫోన్లో అన్నారు:
అంచనా మారిస్తే మళ్ళీ నాలుగేళ్ళు.
సున్నాని లోపలికి జరుపు, కాగితం కదిలించకు.

బంగారమ్మ ఫైలు మూసేసింది.
"సముద్రం కాడ మొదలెట్టమని ఎవడన్నాడు?
ఉప్పుటేరు కల్వర్టు నుంచి బడి దాకా ఎయ్యండి.
ముసురు రోజుల్లో ఆడపిల్లలు
సైకిళ్ళు ఎక్కరు, మోత్తారు."

అలా పడింది, నాలుగొందల మీటర్లు.
మొదలు రెల్లులో, చివర రెల్లులో.
మొదటి వారం పిల్లలు పనిలేకుండానే
అటూ ఇటూ తొక్కారు, బెల్లులు కొడుతూ.
ఎవరో ఒక పక్క మెత్తళ్ళు ఎండబెట్టారు,
పొమ్మనాలనిపించలేదు.

ఇవాళ ఆఖరి కొలత తీసుకుంటుంటే
నూకాలు వచ్చింది. కొత్త దారి మీద చెప్పులు టపటపలాడిస్తూ
ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది.
ఎలా ఉందమ్మా, అన్నాను.
"ఆయ్, బానే ఉందండి" అని,
సిమెంటు అంచు దగ్గర ఆగి,
తట్ట ఒక చేత్తో పట్టుకుని
రెండో చేత్తో చెప్పులు విప్పి
ఇసకలోకి దిగింది.