సాన

మంగళవారం మధ్యాహ్నం రొసారియో నిద్రపోతుంది.
కుక్కలు కూడా గడప నీడల్లో చేరి
కళ్లు తెరవని వేళ
సైకిల్ తోసుకుంటూ వస్తాడు బాల్దొమేరో,
కత్తులు నూరేవాడు.
గొట్టాల పిల్లనగ్రోవిని పెదవుల మీద
ఈ చివర నుంచి ఆ చివరికి లాగితే
ఎనిమిది స్వరాలు గబగబా నిచ్చెనెక్కి
పైన ఏమీ లేదని చూసి
గబగబా దిగొస్తాయి.
అంతే అతని పాట.
పాట కూడా కాదది,
"వచ్చాను, రండి" అనడం.

రెండో అంతస్తులో పియానో ముందు నేను.
తొమ్మిదేళ్లు. కాళ్లు నేలకందవు.
దోన్యా ఒతీలియా నా చేతుల్ని కీల మీంచి ఎత్తేసి
"విను" అంది.
విన్నాను. మలుపు తిరిగి అది చిన్నదైపోయింది.
"ఇక దాన్ని ఇంట్లోకి తెద్దాం."

ముందు ఉన్నదున్నట్టు వాయించింది.
ఆ పియానోలో మధ్య ఫా పలకదు,
నొక్కితే చెక్క టక్కుమంటుందంతే.
బాగుచేసేవాడు పోయాడని చెప్పేది,
డబ్బు సంగతి ఎత్తేది కాదు.

తర్వాత దిగడం ముందు, ఎక్కడం వెనక.
నూతిలోంచి బొక్కెన తోడినట్టుందన్నాను.
తర్వాత అదే, మూడేసి ముక్కలుగా విరిచి:
కొత్త చెప్పులు కరుస్తున్నా
పెళ్లిలో ఆగకుండా ఆడుతున్నట్టు.
ఇంకోదాంట్లో ఎడమచెయ్యి సానచక్రమై గిర్రున తిరిగితే
కుడిచేతి వేళ్ల కింద నిప్పురవ్వలు.
ఒకదాంట్లో వాన.
వాన అని ఆమె చెప్పలేదు,
పరానా నది అవతలి ఒడ్డు
చెరిగిపోయే రోజని నాకే తెలిసింది.
ఒకదాంట్లో అసలు ఆ పాటే లేదు.
పాట విన్న వీధి ఉంది:
కిటికీ రెక్క, సొరుగు లాగిన చప్పుడు,
చాకు ఎక్కడ పెట్టామా అని తడుముకునే చేతులు.

చలికాలానికి పదకొండయ్యాయి.
పదకొండోది ఎంత సన్నగా ఉండేదంటే
పక్కగదిలో కుళాయి కారితే
వినపడేది కాదు.

ఆ మంగళవారం రొట్టె కోసే చాకు వంకతో
అతన్ని పైకి పిలిచింది.
కుర్చీ అంచున కూర్చున్నాడు,
నూరిన చాకు ఒళ్లో పెట్టుకుని,
పదకొండూ విన్నాడు.
గడ్డం గోక్కున్నాడు.

"ఒక మాట చెప్తానమ్మా.
నూరితే పదునొస్తుంది, నిజమే.
నూరిన ప్రతిసారీ కాస్త కత్తి పోతుంది కూడా.
ఎదురింటి గ్రిసెల్దా గారి చాకు చూశారా?
నలభై ఏళ్లుగా నూరుతున్నాను.
ఇప్పుడు చేపముల్లంత మిగిలింది.
వెంట్రుకని నిలువునా చీలుస్తుంది,
రొట్టె తెగదు.
మీ చివరిది అలా ఉంది."

దోన్యా ఒతీలియా ఏమీ అనలేదు.
పదకొండో కాగితం తిరగేసి
వెనక తెల్లగా ఉందో లేదో చూసుకుంది.
(తర్వాత దాని మీద రాసింది:
ఉల్లిపాయలు, సబ్బు, అగ్గిపెట్టెలు రెండు.)

మెట్ల దగ్గర అతను ఆగాడు.
"ఆ మధ్యలో టక్కుమని ఆగుతారే,
అదెంత బాగుందో.
అక్కడ ఊపిరి తీసుకోవచ్చు.
యాభై ఏళ్లుగా నాకు తట్టలేదు చూడండి,
ఊపిరాడక చస్తున్నా."

నేను నోరు తెరిచాను,
అది ఆగడం కాదు, కీ పాడైపోయిందని చెప్దామని.
పెడల్ తొక్కినట్టు
ఆమె నా కాలు తొక్కింది.

పై మంగళవారం, అదే ఎండ, అవే కుక్కలు.
మూడు మెట్లు.
ఒక ఖాళీ.
తర్వాత మిగతావి.
దిగేటప్పుడూ అక్కడే, ఆ గోతి మీంచి
కాలెత్తి దాటినట్టు.

ఎదురింటి కిటికీ భళ్లున తెరుచుకుంది.
గ్రిసెల్దా గారి గొంతు:
"ఎవడో కొత్తవాడొచ్చాడే!
చాకుకి ఎంత తీసుకుంటాడో కనుక్కో!"

దోన్యా ఒతీలియా ఎంతసేపు నవ్విందో.
నవ్వుతూనే కొత్త కాగితం పరిచి,
మొండిపోయిన పెన్సిలూ
రొట్టె కోసే చాకూ
నా చేతికిచ్చి చెక్కమంది.
మరీ సన్నగా వద్దంది.