నూట యాభై ఎక్కువ

బరంపురం నుంచి వచ్చాడు కుర్రాడు,
చేతిలో రంగు కాగితం, నోట్లో అయిదు అనే అంకె.
అయిదింతలు వేగం మేడమ్,
అదే ఫోను, అదే తీగ,
నెలకి నూట యాభై ఎక్కువ, అంతే.

నేను పర్లాకిమిడి దాన్ని.
మా చిన్న రైలు మలుపు తిరుగుతుంటే
దిగి, జామకాయలు బేరమాడి కొనుక్కుని,
మళ్ళీ అదే పెట్టె ఎక్కినదాన్ని.
నాకు వేగం అమ్ముతున్నాడు.

అదే తీగైతే ఎలాగయ్యా, అన్నాను.
తీగ మారదు మేడమ్, వచ్చే సరుకుని నలిపి తెస్తాం.
నలిపి.
ఆ మాట దగ్గర నేను ఆగాను, అతను ఆగలేదు.

పక్క కిళ్ళీకొట్టు కూర్మమ్మ అంతా విని,
తీగా అదే, కూతా అదే,
మరి డబ్బులెందుకు పెరిగాయేటి, అంది.

కూత నిజమే. మోడెం ముందు కూస్తుంది,
గొంతులో చేపముల్లు దిగినట్టు గరగరమంటుంది,
ఆపై నిశ్శబ్దం.
ఆ నిశ్శబ్దానికి నిమిషానికి యాభై పైసలు.

అసలు లెక్క ఇక్కడుంది, కుర్రాడికి చెప్పనిది.
పేజీ మెల్లగా వస్తేనే నాకు డబ్బులు.
గంటకి ముప్ఫై.
చప్పున తెరుచుకుంటే పావుగంటలో లేచిపోతారు.
అంటే నా నష్టాన్ని నేనే కొనుక్కోవాలి,
ఎదురు నూట యాభై ఇచ్చి.

అయినా కట్టాను. ఎందుకంటే జూన్.
ప్లస్‌టూ ఫలితాల రోజు వీధి చివరిదాకా వరస.
గుమ్మా కొండల మీంచి జీపెక్కి వచ్చింది మార్తా సబర్,
గుప్పిట్లో చీటీ, చీటీ మీద నంబరు,
చెమటకి ఆఖరి అంకె అలికిపోయింది.
ఒకటా, ఏడా?
వేగం ఉంది గనక రెండూ చూశాం.
ఒకటి ఎవరో అబ్బాయిది, తప్పాడు.
ఏడు తనది.
సెకండ్ డివిజన్, అని రెండుసార్లు చదివించుకుంది.
నాలుగు రూపాయలిచ్చి వెళ్ళింది.
ఆ రోజు నాకు నూట యాభై గుర్తు రాలేదు.

తర్వాత వారం దివాకర మహారణా వచ్చాడు,
కొమ్ము పనివాడు, మీసం మీద కొమ్ము పొడి.
కలకత్తా నుంచి నమూనా పంపారట,
రెక్క విప్పిన కొంగ.
బొమ్మ క్షణంలో వచ్చింది.
నలిగి వచ్చింది.
రెక్క ఉంది, ఈకలు లేవు,
ఆవిరి పట్టిన అద్దం వెనక కొంగ.
తెర మీద గోరు పెట్టి వెతికాడు.
కెతే, అన్నాడు. ఎన్ని?

కుర్రాడికి ఫోన్ చేశాను.
దానికో మీట ఉంది మేడమ్, తీసేస్తే అసలు బొమ్మే వస్తుంది.
ఎంతసేపట్లో?
మామూలుగా ఎంతసేపో అంతసేపట్లో.

తీసేశాను. ఇద్దరం కూర్చున్నాం.
పైనుంచి కిందికి గీత గీతగా దిగింది,
ముందు ఆకాశం,
చాలాసేపు ఉత్త ఆకాశమే
(దానికీ నిమిషానికి యాభై పైసలే),
ముక్కు, మెడ,
మొదటి ఈక. అతను వేలు మడిచాడు.
రెండోది.
ఏడో ఈక దగ్గర మహేంద్రగిరి వైపు ఉరిమింది,
లైను తెగింది.

జూలైలో కుర్రాడు డబ్బులకి వచ్చాడు.
అప్పటికి స్టేషన్ దగ్గర చిన్న పట్టాలు పీకుతున్నారు,
పెద్దవి వేస్తారట.
చూడవయ్యా, ఇంజనుకి రంగేసి ఊరుకోలేదు వాళ్ళు,
అందామనుకున్నాను.
ఎండన పడి వచ్చాడు, మంచినీళ్ళిచ్చాను.
ఇప్పటికి వద్దులే, మళ్ళీ జూన్‌లో రా, అన్నాను.

దివాకర మహారణా మళ్ళీ రాలేదు.
ఏడు దాకా చూసినవి,
మిగతావి చేతికి తోచినట్టు చెక్కాడట.
కలకత్తా వాళ్ళు తీసుకున్నారు.
మొత్తం ఎన్ని అని నేనడగలేదు.

నా పద్దులో మాత్రం
ఆ రోజు పేజీలో ఇంకా ఉంది,
కొంగ, సగం. ఏడున్నర. బాకీ.