వంద టన్నుల వెస్లీ

రాత్రి పదకొండున్నర.
మొగల్తూరు దాటాక మూడో చెరువు గట్టు.
ఏరియేటర్లు నీళ్ళని చిలుకుతున్నాయి.
రేకుల షెడ్డులో నులకమంచం మీద నేను,
నా చేతిలో ఛార్జింగు తాడుకి కట్టేసిన ఫోను,
ఫోనులో ముప్ఫై అయిదు టన్నుల నా మర.

జట్టుకి ఎనిమిది మందిమి.
నలుగురం ఎరిగినవాళ్ళం, నలుగురు ఎవరో, ఏ దేశమో.
సత్తిపండు నరసాపురంలో ఐసు ఫ్యాక్టరీ,
నాగమల్లీశ్వరిది రాజోలు బస్టాండు పక్క జిరాక్సు కొట్టు,
వెస్లీ ఏ ఊరంటే ఒక్కోసారి ఒక్కోటి చెబుతాడు.
మర మాత్రం మార్చడు. వంద టన్నులు.
దానిది పంటు నడక:
తాడు విప్పాక, ఇంజను దగ్గాక,
రేవు వదలడానికి ఒక బీడీ కాలేంత సేపు.

మొదలవగానే అందరూ కుడి పక్కకే పరిగెడతారు.
ఎందుకంటే ఏం చెప్తారు, గానుగెద్దు చెప్పగలదా?
వాళ్ళూ కుడికే, మేమూ కుడికే,
ఒకరి తోక కోసం ఒకరం కొండ చుట్టూ.
మా తోకలో ఉండేది ఎప్పుడూ వెస్లీయే.
ముందున్న మేం నాలుగు గుళ్ళు పేల్చి మురిసేలోగా
వెనక వాణ్ణి ముగ్గురు చేరి కొరుక్కు తినేసేవారు.
"పోయానండీ" అనేవాడు.
తిట్టేవాడు కాదు. అదే బాధ.

కోతలయ్యాక ఒక రోజు
బాతులు మేపే అతను మా గట్టు మీదుగా వచ్చాడు.
ఆరేడొందల బాతులు, ఒకటే వెదురుకర్ర.
కాలవ దాటిస్తున్నాడు.
నేను మొదటి బాతుని చూస్తున్నాను.
అతని కళ్ళు కుంటుకుంటూ వస్తున్న చిట్టచివరి దాని మీద.
అది నీళ్ళలో దిగేదాకా కర్ర ముందువాటికి అడ్డం.
"ముందుది ఎలాగూ పోద్దండి," అన్నాడు,
"దానికి మనతో పనేటి?"

ఆ రాత్రి చెవుల్లో చెప్పాను:
కుడికి వద్దు. వెస్లీ ఎటు నడిస్తే అటు.
"తెల్లారేదాకా నడుద్దామా, ఆయ్!" అన్నాడు సత్తిపండు.
అయినా ఆగాడు.
ఆ నలుగురూ కుడికే పోయారు. పోనీ.

ఆగడం ఎంత కష్టమో.
బొటనవేలు దురద పెట్టేస్తుంది.
దెబ్బతిన్న ఎర్రచుక్క ఒకటి పారిపోతోంది,
వెంటపడితే దొరుకుద్ది.
వెంటపడలేదు.
ఎడమన పల్లంలో వాగు దిగి
మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాం.
నీళ్ళలో నిలబడితే మర వేడి తొందరగా తగ్గుద్ది.
ఈ ఆట రాసినవాడు ఎక్కడివాడో గానీ
గేదెని కాలవలో చూసే ఉంటాడు.

వాళ్ళు అలవాటు చొప్పున కొండ తిరిగొచ్చారు,
ఆఖరి బస్సు దిగిన జనంలా, విడివిడిగా.
"ఇప్పుడు కాదు," అంది మల్లీశ్వరి.
"ఇప్పుడు కాదు," మళ్ళీ,
మిషన్లోంచి కాయితం బయటపడేదాకా ఆగే గొంతుతో.
"ఊఁ."
నాలుగు మరలూ ఒక్కడి మీదే.
ఎనిమిది సెకన్లు. తర్వాతవాడు.
తర్వాతవాడు.

అప్పుడు కరెంటు పోయింది.

ఏరియేటర్లు ఆగిన నిశ్శబ్దంలో
రొయ్య కంటే ముందు మనకి ఊపిరాడదు.
ఫోను మంచం మీద పడేసి పరిగెత్తాను.
జనరేటరు హేండిలు రెండుసార్లు ఎదురు తన్నింది,
మూడోసారికి అందుకుంది.
నీళ్ళు నురగ కట్టాయో లేదో టార్చి వేసి చూసి
డీజిలు చేతులతో తిరిగొచ్చేసరికి నాలుగు నిమిషాలు.

నా మర నిలబెట్టిన చోటే ఉంది, గీత పడలేదు.
దాని ముందు అటు తిరిగి, పొగలు కక్కుతూ, వంద టన్నులు.
కుడి చెయ్యి లేదు.
సత్తిపండు పోయాడు. మల్లీశ్వరి పోయింది.

"ఓడిపోతున్నామండీ," అన్నాడు వెస్లీ, కులాసాగా.
"నన్నొదిలేసి పోవాల్సింది కదా?"
"ఎక్కడికండీ, ఇంత బరువేసుకుని!"

లుంగీకి చేతులు తుడుచుకుని ఫోను తీసుకున్నాను.
కదిలాను, మెల్లిగా,
వాడి కుడి పక్కకి,
ఆ చెయ్యి లేని పక్కకి.