తరుగు

ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు ముందు.
ఉండాల్సింది తర్వాత చూద్దామన్నారు.
ఉలాన్‌బాతర్‌లో ఏడో అంతస్తు మీద నలుగురు ప్రోగ్రామర్లు
నేను రాసి పంపేదాకా
ఒక్క మీటా నొక్కరు.

అందుకని బయన్‌హోంగోర్ దాటి
రెండు రోజులు దుమ్ములో వచ్చి
ఈ సహకార సంఘం రేకుల షెడ్డులో
బోర్లించిన పాలక్యాను మీద కూర్చున్నాను,
మోకాళ్ల మీద నోటుపుస్తకం.

మే నెల. మేకల్ని దువ్వే రోజులు.
మోటారు సైకిళ్ల వెనక బస్తాలు కట్టుకుని వస్తున్నారు.
బస్తాలో ఉన్ని. ఉన్నిలో ఇసుక.
నా మొదటి ప్రశ్న:
ఇసుకకు తరుగెంత?

పున్‌త్సాగ్ జవాబు చెప్పలేదు.
బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి
అడుగున ఏదో పోగొట్టుకున్నవాడిలా కాసేపు ఉండి
బయటికి తీసి, అరచెయ్యి చూసుకుని
"కిలోన్నర" అన్నాడు.

ఎలా తెలిసింది?
"చెయ్యి చెప్పింది."

రాసుకున్నాను. నియమం పద్నాలుగు: తరుగు, చేతి అంచనా.
పక్కన ఓ ప్రశ్నార్థకం.
రెండో బస్తాకి రెండు కిలోలు.
మూడోదానికి ముప్పావు.

నాలుగోది తెచ్చినావిడ ఖాండ్‌సూరెన్.
చలికాలంలో మంచు కింద గడ్డి అందక
ఆమె మేకలు నిలబడ్డచోటే కొయ్యబారిపోయాయట.
మిగిలినవి పదకొండు. బస్తా సగం కూడా లేదు.
పున్‌త్సాగ్ చెయ్యి పెట్టాడు, తీశాడు.
ఇసుక నాకూ కనబడింది,
గోళ్ల సందుల్లో మెరుస్తూ.
"మీ కుక్క కాలు నయమైందా?" అని మాత్రం అడిగాడు.
ముల్లు కుదురుకోకముందే
అంకె చెప్పేశాడు, కాస్త పైకే.

దీన్ని కొసరనాలా, దయనాలా, దొంగలెక్కనాలా?
నా పట్టికలో
మూడింటికీ గడి లేదు.

లెక్కలు రాసే దులమ్‌జావ్
ఉప్పేసిన పాలటీ పోసి
నీలం అట్ట పుస్తకం నా ముందుకు తోసింది.
కొన్ని పేర్ల పక్కన పెన్సిల్ చుక్క.
ఏమిటిది? అన్నాను.
మొదటి రోజు, "ఈగ వాలినట్టుంది."
రెండో రోజు, "మొన విరిగింది."
మూడో రోజు షెడ్డుకి తాళం వేస్తూ
నా వైపు చూడకుండా చెప్పింది:
"ఈ ఏడు వాళ్లని అప్పు అడగొద్దని."

ఎవరు నిర్ణయిస్తారు?
"నిర్ణయించరమ్మా. పెడతారంతే."
మరి పెన్నుతో పెట్టొచ్చుగా?
"తేరుకున్నాక చెరిపెయ్యాలి కదా.
చెరిపాక అక్కడ చుక్క ఉండేదని
వాళ్లింటి కోడలికి కూడా తెలియకూడదు."

ఆ రాత్రి జనరేటర్ ఆగేలోపు
'అప్పు వాయిదా సూచిక' అని రాసి కొట్టేశాను.
'విచక్షణాధికారం' అని రాశాను.
ఆ మాట బరువుకి
చుక్క నలిగి చచ్చింది. అదీ కొట్టేశాను.
చివరికి ఇలా మిగిలింది:

ఇక్కడ చుక్క పట్టేంత జాగా వదలండి.
దానికి పేరు పెట్టకండి.
చెరిపితే చెరిగిపోవాలి.
ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో
యంత్రం గుర్తుంచుకోకూడదు.

పొద్దున్నే గుట్టెక్కితే సిగ్నల్ అందింది.
అవతల తెమూలెన్, ఇంకా నిద్రగొంతు.
"చెరిపినవన్నీ చిట్టాలో ఉండాలక్కా, ఆడిటర్లు ఊరుకోరు.
ఇంతకీ ఈ గడిలో వచ్చేది అంకెనా, అక్షరమా,
అవును కాదా?"

కింద మోటారు సైకిళ్లు వరస కడుతున్నాయి.
పున్‌త్సాగ్ చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు.
నోటుపుస్తకం కుట్టులోంచి ఇసుక.
దులిపాను, ఇంకా రాలుతోంది.

"అక్కా, వినిపిస్తోందా?"
వినిపిస్తోంది, అన్నాను.
ఇంకా రాస్తున్నాను.